అన్నీ నార్మల్‌గానే కనిపించిన డెంగీ పేషెంట్ షాక్‌లోకి, అంటే ఒంటికి సరిపడా రక్తం అందని స్థితిలోకి, వెళ్లింది. వైటల్స్ చూడటంలో నేను ఎక్కడ తప్పాను?

హన్మకొండ నైట్ డ్యూటీ:

అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి పదకొండు నెలలైంది. జనరల్ వార్డు, 14 బెడ్లు, రాత్రి పూట నేనూ ఒక ఆయమ్మా. పేషెంట్ బాగై ఇంటికి వెళ్లింది, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ ఆ రాత్రి నా మనసులోంచి పోవట్లేదు, అందుకే అడుగుతున్నా.

బతుకమ్మ రోజులు. నర్సంపేట వైపు పల్లె నుంచి 22 ఏళ్ల అమ్మాయి. పండుగకని తల్లిగారింటికి వస్తే జ్వరం పట్టుకుంది. డెంగీ అని తేలింది. నాలుగో రోజు మా దగ్గర అడ్మిట్ అయింది. నేను డ్యూటీలో ఉన్నది ఐదో రోజు రాత్రి. కేస్ షీట్‌లో వైటల్స్ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా:

సాయంత్రం 6 గంటలకు: జ్వరం 101.2, పల్సు 98, బీపీ 110/70, శ్వాస 20.
రాత్రి 10 గంటలకు: జ్వరం 99, పల్సు 96, బీపీ 108/78, శ్వాస 20.
రాత్రి 2 గంటలకు: జ్వరం 98.4, పల్సు 112, బీపీ 102/86, శ్వాస 20, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 96.

రెండు గంటలప్పుడు వాళ్లమ్మ సంబరంగా ఉంది. "జరం ఇడిసింది సిస్టర్, ఇగ రేపు ఇంటికి పోవచ్చా?" అని అడిగింది. నాకూ హాయిగా అనిపించింది. శాచురేషన్ మాత్రం సరిగా పట్టలేదు. వేలికి ప్రోబు పెడితే గీతలు వస్తాయి, పోతాయి. వేళ్ల చివర్ల దాకా మైదాకు ఎర్రగా పండి ఉంది. దాని వల్లే అనుకున్నా. రెండు మూడు వేళ్లు మార్చి, చివరికి 96 కనిపించగానే రాసేసుకున్నా. ఆ పిల్ల ఒక్క మాట అంది: "సిస్టర్, పానం గాబర గాబర అయితంది." నిద్ర లేక అలా ఉందేమో అనుకున్నా.

పల్సు పెరిగిందని డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేశాను. "బీపీ ఎంత?" అన్నారు. 102/86 అన్నాను. "వంద పైనే ఉంది కదా, అబ్జర్వ్ చెయ్యండి" అన్నారు.

నాలుగున్నరకు వెళ్లేసరికి పిలిస్తే మెల్లగా పలుకుతోంది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. పై బీపీ 80, అదీ నాడి పట్టుకొని చూస్తేనే దొరికింది. పల్సు 130, సన్నగా దారంలా కొట్టుకుంటోంది. ఐసీయూకు మార్చాక సెలైన్లు పరిగెత్తించారు. పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) ముందు రోజు 38 ఉన్నది 47 అయింది. అక్కడి సిస్టర్ శ్వాస లెక్కపెడితే 28.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. నేను రాసిన ఆ 20 లెక్కపెట్టి రాసింది కాదు. పై గడిలో 20 ఉంది, నేనూ 20 రాశాను.

ఒక్కో అంకె విడిగా చూస్తే దేనికీ భయపడాల్సింది లేదు అనిపించింది. మరి అన్నీ కలిపి చూడటం ఎలా? డాక్టర్ లేచి రావాలంటే ఏం చెప్పాలి? దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కరీంనగర్ క్యాజువాల్టీ:

చెల్లె, ముందు బీపీ చూడు. పై అంకె కాదు, రెండు అంకెల మధ్య దూరం చూడు. ఆరు గంటలకు 40. పది గంటలకు 30. రెండు గంటలకు 16. డెంగీలో ఈ పల్స్ ప్రెషర్ 20 లేదా అంతకంటే తగ్గితే అప్పటికే షాక్ అని లెక్క, పై బీపీ వంద ఉన్నా సరే. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతుంటే ఒళ్లు చేతుల, కాళ్ల నాళాలను బిగించి బీపీని పట్టి ఉంచుతుంది. బిగిస్తే కింది అంకె పైకి ఎక్కుతుంది. నీ షీట్‌లో పై అంకె 8 మాత్రమే తగ్గింది, కింది అంకె 16 పెరిగింది. అసలు సంగతి కింది అంకెలో ఉంది.

రెండోది, పల్సు 112, పై బీపీ 102. పల్సు అంకె పై బీపీ అంకెను దాటిందంటే నేను ఆ బెడ్ దగ్గర నుంచి కదలను.

మా దగ్గర న్యూస్2 స్కోరు వేస్తాం, ఒక్కో వైటల్‌కు పాయింట్లు వేసి పేషెంట్ ఎంత సీరియస్‌గా ఉన్నారో చూసే లెక్క అది. ఇంగ్లండ్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో తెచ్చింది. నీ రెండు గంటల అంకెలకు వేసి చూశాను. బీపీ 102కు 1, పల్సు 112కు 2, మిగతావాటికి సున్నా. మొత్తం 3. ఇప్పుడు ఆ శ్వాస 20 తీసేసి చూడు. నిజంగా 22 ఉండి ఉంటే ఇంకో 2 కలిసి 5 అవుతుంది. 5 వచ్చిందంటే డాక్టర్ వెంటనే వచ్చి చూడాల్సిందే. 25 ఉండి ఉంటే దానికొక్కదానికే 3, మొత్తం 6. నువ్వు లెక్కపెట్టని ఒక్క నిమిషం దగ్గరే లెక్క మొత్తం మారిపోయింది. నిన్ను తప్పుపట్టడానికి అనట్లేదు, ఆ 20 మేమంతా రాసినవాళ్లమే.

ఈ స్కోరులో పల్స్ ప్రెషర్‌కు గడి లేదు. కాబట్టి డెంగీ వార్డులో స్కోరు ఒక్కటే నమ్ముకోవద్దు.

పాత వార్డు సిస్టర్:

బిడ్డా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. లెక్కపెట్టలేదని ఒప్పుకున్నావు చూడు, అక్కడే నీ మీద నాకు నమ్మకం కుదిరింది. వరంగల్‌లో 31 ఏళ్లు వార్డుల్లో పని చేశాను. నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

మొదట ఆ మైదాకు సంగతి. ఎర్రగా పండిన మామూలు మైదాకు వల్ల శాచురేషన్ పట్టకపోవడం నేను చూడలేదు. నల్ల మెహందీ, ముదురు రంగు నెయిల్ పాలిష్ అయితే ఇబ్బంది పెడతాయి. ఆ మిషన్ వేల్లో కొట్టుకునే రక్తాన్ని బట్టి అంకె చెప్తుంది. రక్తం వేలిదాకా రాకపోతే దానికి చెప్పడానికి ఏమీ దొరకదు. గీతలు వచ్చి పోతున్నాయన్నావు కదా, ఆ పిల్ల వేళ్లు అప్పటికే చల్లబడి ఉంటాయి. ప్రోబు వేలు మార్చి వేలికి పెట్టే ముందు ఆ వేలిని ఒకసారి నీ పిడికిట్లో పట్టుకొని చూడు. గోరు మీద ఐదు సెకన్లు నొక్కి వదులు. రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. మైదాకు ఉన్న గోరు మీద కనిపించదంటావేమో. అరచేతి కింద మెత్తటి చోట గానీ, ఛాతీ ఎముక మీద గానీ నొక్కు. చేతులు చల్లగా ఉండి, నుదురు మామూలుగా ఉంటే ఆ పేషెంట్ పక్కన ఆగిపో.

జ్వరం సంగతికి వస్తాను. మామూలుగా జ్వరం ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ పెరిగితే పల్సు పది దాకా పెరుగుతుంది. జ్వరం దిగితే పల్సు కూడా దిగాలి. ఆ పిల్లకు 101 నుంచి 98కి దిగితే పల్సు 98 నుంచి 112కి ఎక్కింది. రెండూ ఎదురెదురు దిక్కులకు పోయాయి. అలా పోయినప్పుడు జ్వరం తగ్గింది కదా, బాగైంది అన్న మాట నమ్మడానికి లేదు. డెంగీలో జ్వరం విడిచే గడియ, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, అదే గండం. ఆ ఒకటి రెండు రోజుల్లోనే నీరు కారేది. మన దగ్గర ఇంటివాళ్లంతా "ప్లేట్లెట్లు ఎన్ని?" అని ఒకటే అడుగుడు. బొప్పాయి ఆకు రసం పట్టుకొని తిరుగుతారు. వాళ్ల భయం వాళ్లది, కసురుకోవద్దు. కానీ నీ కన్ను పీసీవీ మీద ఉండాలి. నీరు బయటికి పోతే రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. 38 నుంచి 47 అంటే అయిదో వంతు కంటే ఎక్కువ పెరిగినట్టు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. ఎవరికీ ఎక్కువగా చెప్పింది కాదు. నేను కొత్తగా చేరిన చిన్న నర్సింగ్ హోమ్. ఏళ్ల తరబడి బీడీలు తాగిన పెద్దాయన, దమ్ముతో వచ్చాడు. శ్వాస 28, శాచురేషన్ 86. నేను మాస్కు పెట్టి ఆక్సిజన్ 8 లీటర్లకు తిప్పాను. అరగంటకు 99 అయింది. శ్వాస 28 నుంచి 20కి, తర్వాత 12కి దిగింది. తాత ప్రశాంతంగా పడుకున్నాడు. నేను చార్టులో ఆయాసం తగ్గిందని రాసి పక్క బెడ్‌కు పోయాను. తెల్లవారుజామున ఆయన భార్య "ఈనె ఎంత లేపినా లేస్తలేడు" అని వచ్చింది. ముఖం ఎర్రగా, చేతులు వెచ్చగా ఉన్నాయి. లోపల కార్బన్ డై ఆక్సైడ్ పేరుకుపోయి మత్తులోకి వెళ్లాడు. శాచురేషన్ అప్పటికీ 99 చూపిస్తూనే ఉంది. ఆ మిషన్‌కు ఆక్సిజన్ తెలుస్తుంది గానీ గాలి బయటికి పోతోందో లేదో తెలియదు. అది శ్వాస లెక్కపెట్టి, మనిషిని పలకరిస్తేనే తెలుస్తుంది. అలాంటి బీడీ ఛాతీలకు సాధారణంగా 88 నుంచి 92 చాలని నాకు అప్పుడు తెలియదు. పెద్ద ఆసుపత్రికి పంపించారు, బతికాడు. ఆ తర్వాత నేను ఏ చార్టులోనూ చూడని అంకె రాయలేదు.

నీ అమ్మాయికి జ్వరం 98.4 అయింది. నా తాతకు శ్వాస 12 అయింది. రెండూ చార్టులో చక్కటి అంకెలే. చక్కబడిన అంకె కనిపించినప్పుడు దాని పక్కనున్న అంకె కూడా చక్కబడిందా అని చూడు, మనిషి తెలివి ఎలా ఉందో చూడు. అంతకంటే నాకు వేరే విద్య తెలియదు.

శ్వాస ఎలా లెక్కపెట్టాలో నేను నేర్చుకున్న పద్ధతి చెప్తాను. "మీ శ్వాస లెక్కపెడతాను" అని పేషెంట్‌కు చెప్పకు, చెప్తే శ్వాస మారిపోతుంది. మణికట్టు పట్టుకొని పల్సు చూడు. పల్సు అయిపోయాక చెయ్యి వదలకుండా, ఆ చేతిని మెల్లగా పొట్ట మీద ఆనించి అలాగే పట్టుకొని ఉండు. నువ్వు ఇంకా పల్సే చూస్తున్నావు అనుకుంటారు. నీ చేతి కింద పొట్ట లేస్తుంది, దిగుతుంది. నిండా ఒక నిమిషం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం వద్దు. ఒక్క శ్వాస అటు ఇటు అయితే నీ లెక్క నాలుగు తేడా వస్తుంది, 20కీ 24కీ మధ్య ఎంత దూరముందో పైన తమ్ముడు లెక్కేసి చూపించాడు కదా. రాత్రిపూట దుప్పటి మీద టార్చి వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టుకుంటే మడతలు కదలడం కనిపిస్తుంది.

ఛాతీలో ఏమీ లేకపోయినా శ్వాస ఎందుకు పెరుగుతుందంటే, రక్తం చాలని చోట ఆమ్లం పుడుతుంది, దాన్ని విరగ్గొట్టడానికి ఒళ్లు గాలిని ఎక్కువగా బయటికి తోస్తుంది. చాలాసార్లు బీపీ పడిపోవడానికి ముందే శ్వాస పెరుగుతుంది. డెంగీలో ఊపిరితిత్తుల చుట్టూ కూడా నీరు చేరవచ్చు, అప్పుడు ఇంకా పెరుగుతుంది.

బీపీ విషయంలో ఒక జాగ్రత్త. పల్స్ ప్రెషర్ 16 అని డాక్టర్‌కు చెప్పే ముందు చేత్తో గాలి కొట్టి ఒకసారి చూసుకో. గాలి గబగబా వదిలేస్తే పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా వినిపిస్తుంది. లేని షాక్‌ను నువ్వే పుట్టించినట్టు అవుతుంది. సెకనుకు రెండు మూడు పాయింట్లు దిగేలా వదులు. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. మంచం అంచు నుంచి వేలాడుతుంటే బీపీ ఎక్కువ చూపిస్తుంది. సన్నటి చేతికి పెద్ద కఫ్ చుడితే తక్కువ, లావు చేతికి చిన్న కఫ్ చుడితే ఎక్కువ. ఆటోమేటిక్ మిషన్ సగటు బీపీని పట్టుకొని మిగతా రెండూ లెక్కకట్టి చెప్తుంది. నాడి బలహీనంగా ఉన్నప్పుడు దాని మాట పట్టుకోకు.

ఆ పిల్ల "పానం గాబర గాబర" అంది కదా. అది కేస్ షీట్‌లో రాయి. ఆమె అన్న మాట అన్నట్టే, టైముతో సహా. నాడీ బీపీ పక్కన దానికీ చోటుంది.

ఇంకొకటి అడుగుతాను. ఆ రాత్రి మూత్రం ఎప్పుడు పోసిందో అడిగావా?

పరకాల డ్యూటీ డాక్టర్:

సిస్టర్, మీరు ఫోన్ చేసిన డాక్టర్ స్థానంలో నేను కూడా ఉన్నవాణ్నే, అందుకే రాస్తున్నాను. నిద్రలో లేచినవాడికి "102/86" అంటే వినిపించేది 102 ఒక్కటే. 86 వినపడదు. ఇది సరైనదని అనట్లేదు, నేనూ అలా పొరపాటు పడ్డాను.

ఇలా చెప్పి ఉంటే నేను చెప్పులు వేసుకుంటూ వినేవాణ్ని: "సార్, ఆరో నంబర్ బెడ్, 22 ఏళ్లు, డెంగీ ఐదో రోజు, ఈ రాత్రే జ్వరం విడిచింది. సాయంత్రం పల్స్ ప్రెషర్ 40, ఇప్పుడు 16, చేత్తో రెండుసార్లు చూశాను. జ్వరం దిగినా పల్సు 112. శ్వాస నిమిషం లెక్కపెట్టాను, 26. చేతులు చల్లగా ఉన్నాయి. షాక్ మొదలవుతోందని నా అనుమానం. మీరు వచ్చి చూడాలి. ఈలోగా పీసీవీకి శాంపిల్ తీయనా?" మొదట ఏం జరుగుతోంది, తర్వాత వెనక సంగతి, తర్వాత మీ అనుమానం, చివరికి ఏం కావాలి. ఎస్‌బార్ అని మీ క్లాసులో చెప్పే ఉంటారు. నర్సులు ఎక్కువగా ఆపేసేది మూడో ముక్క దగ్గర. "నా అనుమానం" అనడానికి మీకు హక్కు ఉంది. అంకెలు చదివి ఊరుకోకండి.

ఇంత చెప్పినా రాకపోతే కన్సల్టెంట్‌కు ఫోన్ చెయ్యండి. ఏ టైముకు ఎవరికి ఏం చెప్పారో, వాళ్లు ఏం చెప్పారో షీట్‌లో రాయండి. ఎవరికో కోపం వస్తుందని ఆగొద్దు.

పెద్దమ్మ గారు చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. బీపీకి అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి గోళీలు వాడే పెద్దవాళ్లకు పల్సు అంతగా పెరగకపోవచ్చు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా 78, 80 దగ్గరే ఉండొచ్చు. అడ్మిషన్ రోజే వాడే మందుల సంచీ తెప్పించి చూడండి. పత్తి మందు (పురుగుల మందు) తాగి వచ్చినవాళ్లకు విరుగుడుగా అట్రోపిన్ ఇస్తుంటే పల్సు 120 ఉంటుంది, అది వేరే లెక్క. ఏ అంకె వెనకైనా ఏం మందు నడుస్తోందో తెలియాలి.

హన్మకొండ నైట్ డ్యూటీ:

అందరికీ చేతులెత్తి దండం. పది రోజులు ఆగి రాస్తున్నా, చేసి చూశాకే చెప్పాలని.

మేడమ్, మీరు అడిగిన ప్రశ్న చూడగానే గుండె ఝల్లుమంది. నేను అడగలేదు. ఐసీయూకు మార్చేటప్పుడు వాళ్లమ్మే చెప్పింది, "పొద్దూకినంక ఒక్కసారే పోయింది" అని. అంటే ఏడు గంటలకు వెళ్లిన పిల్ల నాలుగున్నర దాకా వెళ్లలేదు. 52 కిలోల మనిషికి గంటకు కనీసం 26 మిల్లీలీటర్లు రావాలని మేం పరీక్షల్లో రాశాం. రాసిన నేనే అడగలేదు. ఇప్పుడు ప్రతి బెడ్ దగ్గరా అడుగుతున్నా, టైము రాస్తున్నా.

శ్వాస లెక్క మొదలుపెట్టాను. 14 బెడ్లకు 14 నిమిషాలు ఎక్కువ పడుతోంది, మొదటి రెండు రాత్రులు మందుల టైము తప్పుతుందేమోనని బాగా టెన్షన్ పడ్డాను. ఇప్పుడు అలవాటైంది. మొదటి రాత్రి నా చార్టులో 16, 18, 22, 14, 19 ఇలా వచ్చాయి. పొద్దున హ్యాండోవర్‌లో ఇంచార్జ్ సిస్టర్ చూసి "ఇదేంటి, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంది?" అన్నారు. లెక్కపెట్టానని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. తర్వాతి రోజు డే డ్యూటీ చార్టు చూస్తే అందులోనూ 20లు తగ్గాయి.

బీపీ పక్కన చిన్నగా పల్స్ ప్రెషర్ కూడా పెన్సిల్‌తో రాసుకుంటున్నా. మొన్న ఇంకో డెంగీ పేషెంట్‌కు, ములుగు వైపు అబ్బాయి, 38, 34, 26 అని దిగుతూ వచ్చింది. 26 దగ్గరే ఫోన్ చేశాను. డాక్టర్ గారు చెప్పిన వరసలోనే, అనుమానం కూడా చెప్పాను. అదే డ్యూటీ డాక్టర్. పది నిమిషాల్లో వచ్చారు, చేతులు పట్టుకొని చూశారు, పీసీవీ పంపి సెలైన్ పెంచారు. ఆ అబ్బాయికి ఐసీయూ అవసరం రాలేదు.

మేడమ్, ఒక్క సందేహం. కొందరు నేను వెళ్లేసరికి మాట్లాడుతూనే ఉంటారు, ఇంటి సంగతులు చెప్తారు. చిన్నపిల్లలైతే ఏడుస్తారు. అప్పుడు శ్వాస ఎలా లెక్కపెట్టాలి?

పాత వార్డు సిస్టర్:

బిడ్డా, మాట్లాడేవాళ్లను మాట్లాడనివ్వు. ఒక్క దమ్ములో పూర్తి వాక్యం చెప్పగలుగుతున్నారా, మధ్యలో ఆగి గాలి తీసుకుంటున్నారా అన్నది విను. అది కూడా రాసుకో. తర్వాత థర్మామీటర్ చంకలో పెట్టి "కాసేపు కదలకండి" అను, వాళ్లు ఊరుకుంటారు, అప్పుడు లెక్కపెట్టు.

పసిపిల్లలను నువ్వు ముట్టుకోకముందే, తల్లి ఒళ్లో ఉండగానే, దూరం నుంచి చూసి లెక్కపెట్టు. బట్ట పైకి తీయమని తల్లికే చెప్పు. ఏడుస్తుంటే ఆ లెక్క లెక్క కాదు, పాలు పట్టి ఊరుకున్నాక మళ్లీ వెళ్లు. ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50, రెండు నెలల లోపు వాళ్లకు 60 వచ్చినా, అంతకు మించినా డాక్టర్‌ను పిలువు.